శ్రవణ్ సారు మూడు మెమోలు

శామీర్‌పేట, 3-8-1998

పెద్దమేడమ్ విజయమ్మగారికి, లెక్కల సారు శ్రవణ్ తండ్రి గౌరయ్య రెండు చేతులెత్తి మొక్కి రాసేది.

నిన్న తూంకుంటలో బస్సు దిగి మీ బడి బోర్డు చూశాను. ‘గణితం: శ్రీ శ్రవణ్, గోల్డ్ మెడలిస్ట్’! మావాడి పేరు ముందు శ్రీ! అక్కడే నిలబడి ఏడ్చేశాను. చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరో పోయారనుకున్నారు. పతకం వచ్చిన సంగతి మాకు ఒక్క మాట చెప్పలేదు, దొంగ! పొద్దుటి నుంచి ఇల్లంతా వెతుకుతున్నాం.

ఇట్లు,
గౌరయ్య

తా.క.: నా భార్య రాధమ్మ వడ్ల గుమ్మిలో దిగి వెతుకుతోంది. పతకం మీ బీరువాలో ఉంటే జల్దీ కబురు చేయండి.

తూంకుంట, 6-8-1998

గౌరయ్యగారికి నమస్కారం.

పతకం లేదండీ. కొత్త కాలనీల వాళ్లు బోర్డు చూసే పిల్లల్ని చేర్పిస్తారు. సారు మీద నమ్మకం ఉంటేనే పిల్లలు పాఠం వింటారని అలా రాయించాను. మీ అబ్బాయి వద్దనే అన్నాడు. పతకం లేదన్న మాట బయటికి పొక్కితే దసరాకి అతన్ని పర్మినెంట్ చేయడం నా వల్ల కాదు.

భవదీయురాలు,
విజయమ్మ, ప్రధానోపాధ్యాయురాలు

తా.క.: ఆవిడను గుమ్మిలోంచి బయటికి రమ్మనండి.

శామీర్‌పేట, 10-8-1998

మేడమ్‌గారికి మళ్లీ మళ్లీ మొక్కి,

సారు మీద నమ్మకం కుదరాలి, అంతే గదా? పతకం లేకుంటే ఏమాయె! పదో తరగతి లెక్కల్లో మావాడివి మూడు మెమోలున్నాయి: పంతొమ్మిది, ఇరవై ఏడు, ముప్పై ఆరు. రెండుసార్లు తప్పినా వదల్లేదు. ఆ తరువాత డిగ్రీ, బి.ఎడ్. ఒక్క దెబ్బకు! పిల్లలు ఎక్కడ ఆగిపోతారో వాడికి ముందే తెలుసు, తనూ అక్కడే ఆగిండు గనక. ఇంతకన్నా నమ్మకం ఏం గావాలె? మీ కాలనీలో పాలు పోసే భిక్షం చేతికి మెమోలిచ్చి ఇంటింటికీ చూపించమన్నాను. పతకం ఊసు మాత్రం ఎత్తొద్దని ఒట్టు వేయించుకున్నాను.

మీ మేలు మరువని
గౌరయ్య

తా.క.: ఇవాళ నలభై ఇళ్లు అయ్యాయి. మిగిలినవి ఈ వారంలో.

తూంకుంట, 13-8-1998

గౌరయ్యగారూ,

ఎంత పని చేశారు! బ్యాంకు ఆఫీసరు రాజారావుగారు పదకొండు మంది తల్లిదండ్రులను వెంటబెట్టుకొచ్చి, “ఫెయిలైనవాడా మా పిల్లలకి లెక్కలు చెప్పేది? టీసీలు ఇచ్చేయండి” అని కూర్చున్నారు. శ్రవణ్ రాజీనామా రాసి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. 22న, శనివారం తేల్చేయాలి.

విజయమ్మ

తా.క.: భిక్షం ఇంకా తిరుగుతున్నాడు. ఆపండి.

శామీర్‌పేట, 14-8-1998

మేడమ్‌గారికి,

తప్పంతా నాది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. “నాయినా, ఆ బోర్డు కిందికెల్లి లోపలికి పోవాల్నంటే దినాం కాళ్లు వణుకుతుండె. ఇగ వణుకుతలేవు” అన్నాడు. నన్ను ఏమన్నా అనండి, వాణ్ణి మాత్రం పంపించకండి.

గౌరయ్య

తా.క.: భిక్షాన్ని ఆపాను. ఇళ్లు అయిపోయాయి.

తూంకుంట, 24-8-1998

గౌరయ్యగారికి నమస్కారాలు.

శనివారం రాజీనామా తీసుకుందామని రాజారావుగారితో కలిసి ఎనిమిదో తరగతి గుమ్మం దాకా వెళ్లాను. లోపల నల్లబల్ల మీద భిన్నాల భాగహారం, ఆయన కూతురు అమూల్య లేచి నిలబడి ఉంది. రెండేళ్లుగా లెక్కల క్లాసులో నోరు విప్పని పిల్ల!

“సార్, మీరూ ఇక్కడే తప్పారా?”

“ఇక్కడనే తల్లీ, రెండుసార్లు. ఎట్ల తప్పిన్నో ముందుగాల అది చేసి చూపిస్త, చూడు.”

అంతే, క్లాసులో ముప్పై చేతులు లేచాయి. రాజారావుగారు తలుపు పక్కనే పావుగంట నిలబడ్డారు. “భిన్నాలను భాగించేటప్పుడు ఎందుకు తిరగేస్తారో నాకూ ఇవాళే తెలిసిందండీ. ఎవరికీ చెప్పకండి” అని వెళ్లిపోయారు. టీసీల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. దసరా దాకా ఆగను. శ్రవణ్ ఇవాళ్టి నుంచే పర్మినెంట్.

గౌరవంతో,
విజయమ్మ

తా.క.: మా సైన్సు టీచరు దుర్గాబాయి తనూ మూడుసార్లు తప్పానని క్లాసులో చెప్పుకుంటోంది. రికార్డు తీసి చూస్తే అన్నీ ఫస్టు క్లాసులే. సంజాయిషీ అడిగాను.