పీపాలోంచి నేలలోకి దింపిన చెట్టు గురించి

భూమి హక్కుల అప్పీళ్ళ అధికారి గారి దివ్యసముఖమునకు,

అయ్యా,

విషయం: రైలుకట్ట పక్కనున్న మా మొక్కల తోట స్థలంపై ప్రభుత్వం నాలుగేళ్ళు ఆలస్యంగా వేసిన అప్పీలును స్వీకరించి, నేను తొమ్మిది రోజులు ఆలస్యంగా ఇచ్చిన జవాబును తిరస్కరించుట గురించి.

పై విషయమై, మొక్కలు పెంచి అమ్ముకొని బతుకుచున్న నేను సవినయంగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు స్థలం ఒకప్పుడు గాజుపెంకుల దిబ్బ. దాన్ని ఎత్తిపోసి తోట చేసినది కాలం చేసిన మా నాయన, మా అక్క, నేను. నాలుగేళ్ళ క్రితం కింది కార్యాలయం వారు విచారించి మాకు పట్టా ఇచ్చియున్నారు. అప్పీలుకు గడువు రెండు నెలలు. అప్పుడు ఎవరూ వేయలేదు.

2. ఇప్పుడు వేసినారు. ఫైలు వేరే బీరువాలో ఉండిపోయినదట. ప్రభుత్వం ప్రజల ఆస్తికి ధర్మకర్త గనుక ఈ జాప్యమును మన్నించవలెనని వకీలు గారు కోరగా తమరు మన్నించినారు. సంతోషం. ఆ ప్రజల్లో మేము లేమా అయ్యా?

3. నా జాప్యానికి కారణం బీరువా కాదు. మా అక్కకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినది. నేను తప్ప ఆమెకు ఎవరూ లేరు. "నా కాలు ఎక్కడికీ పారిపోదు, ముందు ఆ కాగితం ఇచ్చి రారా" అని ఆసుపత్రి మంచం మీద నుంచే తిట్టింది. నేను కదలలేదు. తరువాత ఆసుపత్రి చీటీ చూపిస్తే తమ గుమాస్తా గారు, "గడువంటే గడువే. ఒక్కొక్కరికీ ఒప్పుకుంటూ పోతే ఆఫీసు నడవాలా వద్దా?" అన్నారు. మీకో న్యాయం, మాకో న్యాయమా? ఇది నోరు జారిన మాట కాదు, అడగాలనే రాస్తున్నాను.

4. అప్పీలుకు పట్టా రాకముందు తీసిన పాత ఫొటో ఒకటి జతచేసి, "సదరు స్థలమున వేరుపట్టిన చెట్టు ఒక్కటీ లేదు, ఎత్తుకుపోదగు కుండీలు మాత్రమే కలవు, కావున స్వాధీనము లేదు" అని రాసినారు. ఫొటో అబద్ధం కాదు. హక్కు తేలేదాకా నేలలో ఏదీ నాటొద్దని ఆనాటి సర్వేయరు గారే చెప్పి వెళ్ళినారు. మా పనస చెట్టు ఇనప పీపాలోనే మాను కట్టింది. వేళ్ళు పీపా చీల్చుకుని బయటికి వస్తే అక్క కత్తిరించి పారేసేది. "ఒప్పుకున్నాం కదరా, తప్పుతుందా" అనేది. చెప్పిన మాట విన్నందుకు ఇదా బహుమానం? తిరస్కరించిన నా జవాబులో ఉన్నది ఈ సంగతే.

5. పట్టా వచ్చిన రోజునే ఆ పనసను నేలలోకి దింపినాము. మట్టి కప్పుతూ అక్క, "ఇంక దీన్ని ఎత్తమని ఎవరూ అనరు కదా?" అంది. అనరని నేనే చెప్పాను. ఇప్పుడు ఇంట్లో మంచం మీద నుంచి, "సోమవారం ఏమంటార్రా?" అని పొద్దున్నే మొదలుపెడుతోంది.

కావున తమరు సోమవారం నాటి విచారణలో నా జవాబును చదివిన పిమ్మటే తీర్పు చెప్పగలరని ప్రార్థన. గెలిపించమనడం లేదు, వినమంటున్నాను. ఇంతమాత్రం చిత్తగించవలెను.

ఇట్లు,
ఇంకా ఆశ చావని తమ విధేయుడు,
రైలుకట్ట మొక్కలవాడు

తా.క.: తమ కార్యాలయానికి రంగులు వేసినప్పుడు వరండాలోని కుండీలు మా దగ్గర పెట్టి వెళ్ళినారు. ఇన్నేళ్ళయినా ఎవరూ రాలేదు. అప్పీలు ఫొటోలో ముందు వరసలో ఉన్నవి అవే. వాటి మీద కార్యాలయం ముద్ర కూడా కనబడుతుంది, చూసుకోండి. గడువు దాటింది గనుక మావని మేము అనలేదు. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాం. ఎప్పుడొచ్చినా తీసుకెళ్ళండి. ఎందుకు ఆలస్యమైందని అడగం.