ఇవాళ ఎవరి పేరుపండుగ?

బ్రస్సెల్స్, నవంబరు 12

రొట్టెల బేకరీ యజమానురాలు శ్రీమతి ఎర్మియోని గారికి,

గ్రీసులో మీ దీవి శిబిరంలోని శరణార్థులకు భోజనం యూరోపియన్ యూనియన్ కాంట్రాక్టరే పెట్టాలి. నిన్న మీ వాకిట్లో అరవైమంది తిన్నారని మా కార్యాలయానికి తెలిసింది. కుటుంబ వేడుకకు వచ్చిన అతిథులకు తప్ప ఎవరికీ పెట్టరాదు. మళ్లీ జరిగితే మీ లైసెన్సు రద్దుకు సిఫారసు చేస్తాను.

భవదీయుడు,
ఆండ్రియాస్ ఫోగెల్, పర్యవేక్షకుడు

తా.క. శిబిరం భోజన పట్టిక జతచేశాను. అన్నీ వేడి పదార్థాలే.

నవంబరు 15

ఫోగెల్ అయ్యగారికి,

పట్టిక చదివాను. కాగితం మీద వేడిగానే ఉంది. ఇక్కడికొచ్చేసరికి చల్లారిపోతోంది. ఆ రొట్టెతో పిల్లలు బంతాట ఆడుతున్నారు.

పదకొండున మా అల్లుడు మీనాస్ పేరుపండుగ, అంటే అతనికి పేరిచ్చిన సెయింట్ మీనాస్ రోజు. పేరుపండుగకి మేము ఎవర్నీ పిలవం, తలుపు తీసి ఉంచుతాం. వచ్చినవాళ్లకి పెట్టకపోతే ఆ పేరుకే తలవంపు. నిన్న మా తమ్ముడు ఫిలిప్పోస్ వంతు. రేపు మనవడు మత్తయిది.

వందేళ్ల కింద అవతలి ఒడ్డున, టర్కీలో, స్మిర్నా పట్నం తగలబడినప్పుడు మా అమ్మమ్మ పడవెక్కి ఇక్కడ దిగింది. ఈ పొయ్యి దగ్గరే ఎవరో ఆమెకి రొట్టె ఇచ్చారు. ఇచ్చినావిడ ఎవరి అనుమతీ అడగలేదు. నేనూ అడగను.

ఇట్లు,
ఎర్మియోని

తా.క. అరవై కాదు, ఎనభైమంది. మీ మనిషికి లెక్క సరిగా రాదు.

బ్రస్సెల్స్, నవంబరు 19

శ్రీమతి ఎర్మియోని గారికి,

మీ ఉత్తరాన్ని అనువాద విభాగం రెండు వాక్యాలకు కుదించి ఇచ్చింది. మీనాస్, ఫిలిప్పోస్, మత్తయి అనే మూడు సంస్థలూ మా వద్ద నమోదు కాలేదు. వాటి బాధ్యుల చిరునామాలు పంపగలరు.

భవదీయుడు,
ఆండ్రియాస్ ఫోగెల్

తా.క. మీనాస్ సంస్థ ఎంతకాలంగా పనిచేస్తోంది?

నవంబరు 22

అయ్యా,

పదిహేడు వందల ఏళ్లుగా. చిరునామా స్వర్గం.

నిన్న డెస్పినా అనే పేరున్నవాళ్ల వంతు. మా వీధిలో నలుగురున్నారు, నలుగురూ చుట్టాలే. నూటపదిమంది తిన్నారు. అఫ్ఘానిస్తాన్‌లోని హెరాత్ నుంచి వచ్చిన జొహ్రా ఇప్పుడు నాకు పిండి పిసికిపెడుతోంది. రోజూ పొద్దున్నే గేటు దగ్గర అదే ప్రశ్న: “అత్తా, ఇవాళ ఎవరిది?” క్యాలెండరు చూసి చెబుతాను. ఒక్క రోజూ ఖాళీ లేదు.

ఎర్మియోని

తా.క. పోయిన వస్తువుల్ని వెతికిపెట్టడం సెయింట్ మీనాస్ పని. ఆయన పటం మీ ఆఫీసులో పెట్టుకోండి. ఈ జనాన్ని పంచుకుంటామని ఇరవై ఏడు దేశాలు ఇచ్చిన మాట దొరుకుతుందేమో.

బ్రస్సెల్స్, నవంబరు 26

శ్రీమతి ఎర్మియోని గారికి,

ముప్పైన నేనే తనిఖీకి వస్తున్నాను. ఆ రోజు మీ ఇంట్లోగాని, చుట్టాల్లోగాని ఎవరి పేరుపండుగా లేదని మీ కానిస్టేబులు ధ్రువీకరించాడు. ఒక్క గిన్నె వడ్డించినా రద్దు సిఫారసు మీద అక్కడికక్కడే సంతకం పెడతాను.

ఆండ్రియాస్ ఫోగెల్

తా.క. అతిథిగా రావడం లేదని గమనించగలరు.

డిసెంబరు 2

నాయనా ఆండ్రియాస్,

క్షేమంగా చేరావా? కానిస్టేబులు అబద్ధం చెప్పలేదు. ముప్పైన మా వాళ్లెవరి పండుగా కాదు. సెయింట్ ఆండ్రియాస్ రోజు అది, నీది. మా దగ్గర పేరున్నవాడే ఊరికి పెట్టాలి. గుమ్మంలో నిలబెడితే నిలబడ్డావు. నూటనలభైమంది చేయి కలిపి నూరేళ్లు బతకమంటే తలూపావు. జొహ్రా కూతురు గరిటె చేతికిస్తే వడ్డించావు కూడా. పొయ్యిలో మగ్గిన శనగలు నువ్వు రెండోసారి పెట్టించుకోవడం అందరం చూశాం.

నువ్వు మర్చిపోయి వెళ్లిన నేరం ఫారం నింపి పంపుతున్నాను. “భోజనం పెట్టినవారు” అన్న గడిలో నీ పేరు రాశాను. సాక్షుల సంతకాలు నూటనలభై ఒకటి, కానిస్టేబులుదీ కలిపి. ఇక సిఫారసు మీద నీ సంతకం నీ ఇష్టం.

నీ అత్త,
ఎర్మియోని

తా.క. మీ కాగితాల అడుగున పై అధికారి పేరు నికోలాస్ అని ఉంది. ఆరో తారీఖు ఆయనది. ఖాళీగా ఉంటే పంపు, అయిదున శనగలు నానబోస్తాను.