నాన్న ఏరిన పిట్టలు

బాపట్ల,
14-11-1974.

ప్రేమగల అమ్మకు, నీ పెద్దకొడుకు బర్నబాసు వందనాలతో రాసేది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, తమ్ముడు తోమాసూ కులాసాగా ఉన్నారని మొన్నటి ఉత్తరంలో తెలిసింది.

నీ మోకాళ్ల నొప్పులకు తైలం పంపుతున్నాను. పిట్టల ఉద్యోగం ఇంకా ఉందా అని అడిగావు. ఉందమ్మా. వరికి పురుగుమందు కొట్టిన మర్నాడు గట్టు మీది ఈతచెట్లకు ఎన్ని గిజిగాడి గూళ్లున్నాయో లెక్కపెడతాను. పడిపోయిన పిట్టల్ని ఏరి, తూచి, మా ఆఫీసరు చలపతిరావు గారికి ఇస్తాను. మందు వాటినేం చేసిందో ఆయన పరీక్షిస్తారు. పోయినేడు అరవై గూళ్లున్న చోట ఈ ఏడు పదకొండే.

తోమాసు చుండూరులో ఆసామి చేలకు మందు కొట్టడానికి కుదిరాడని రాయించావు. అది చదివినప్పటి నుంచీ అన్నం సయించడం లేదు. రెండు నెలలుగా నీ దగ్గర దాచింది ఇక దాచలేను.

నాన్నకు చద్దన్నం పడక వాంతులు కాలేదమ్మా.

నన్ను చూడటానికి వచ్చిన రోజు నాతో పొలానికి వచ్చాడు. ముందురోజే మందు కొట్టారు. “నువ్వు రాసుకోరా, నేను ఏరుకొస్తా” అని నీళ్లలోకి దిగాడు. రబ్బరు తొడుగులు ఒక్క జతే ఉన్నాయి. అవి నా చేతులకున్నాయి. నాన్న వట్టి చేతులతో ఇరవై ఆరు పిట్టల్ని ఏరి, పంచెతో తుడిచి, గట్టు మీద పడుకోబెట్టాడు. “పాపం, ఎంత బాగా పాడేవిరా” అన్నాడు. ఆ చేతులతోనే చుట్ట ముట్టించాడు. నేను వద్దనలేదు. సాయం దొరికిందని సంతోషించాను.

మధ్యాహ్నానికి వణుకు, వాంతులు, నోటి వెంట చొంగ. ఇంటికి తీసుకొద్దామని రైలెక్కించాను. మన చుండూరు వచ్చేసరికి దిగే స్థితిలో లేడు. అలాగే తెనాలి ఆసుపత్రికి తీసుకుపోయాను.

“పురుగుమందేమైనా తగిలిందా, అబ్బాయ్?” అని డాక్టరు గారు అడిగారు.

“లేదండి. చద్దన్నం తిన్నాడండి” అన్నాను.

బయటివాళ్లను ఆ పొలంలోకి రానివ్వకూడదు. తెలిస్తే ఉద్యోగం పోతుందని భయపడ్డాను. నాన్న విన్నాడు. నా వంక చూసి, “అవునండి, చద్దన్నమే” అన్నాడు. నాన్న ఆఖరి మాట అదే.

మొన్న ఆదివారం వెళ్లి డాక్టరు గారికి నిజం చెప్పాను. “ఆ రోజే చెప్పుంటే విరుగుడు సూది వేసేవాణ్ని. బతికేవాడని చెప్పలేను. వేసేవాణ్ని మాత్రం” అన్నారు. చలపతిరావు గారికి కూడా అంతా రాసిచ్చాను. ఏం చేస్తారో తెలియదు.

నన్ను క్షమించమని అడగను. గుమ్మం తొక్కొద్దన్నా బాధపడను.

తోమాసూ, ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపిస్తున్నది నువ్వే. మధ్యలో ఆపకు, ఒక్క మాటా దాటెయ్యకు. ఇక ఆ మందు డబ్బా ముట్టుకోకు. నాన్నకు చెప్పాల్సిన మాట నీకు చెబుతున్నాను.

ఇట్లు,
నీ కొడుకు
బర్నబాసు