మునివెంకటప్పకు కాలొచ్చింది

పూతలపట్టు, 4-6-1979

ట్రంకు టెలిఫోను ఆఫీసు దొరలకు, మామిడికాయల దళారి మునివెంకటప్ప చేతులు జోడించి రాసుకునేది.

సొంత ఫోనుకు అర్జీ పెట్టి తొమ్మిదేండ్లయింది. రాలేదు. అందాకా ఇక్కడి చెంగల్రాయుడి కాఫీ హోటలు ఫోనే నాకు దిక్కు. వారంగా ఎవరో రోజూ నాకు ట్రంకు కాలు చేస్తున్నారు. తోటల వెంట తిరిగేవాణ్ణి, నేను లేనప్పుడే అది మోగుతుంది. నా దగ్గర కాయలు కొనే మద్రాసు బాలసుబ్రమణ్యం "ఫోన్లో దొరకని మనిషితో యాపారం నాకొద్దప్పా" అని తెగేసి చెప్పాడు. ఇది ఆయన కాలే అయ్యుంటుంది. అందకపోతే ఈ ఏటి కాపుకు నా నోట్లో మట్టే. నేను ఏ ఊళ్లో ఉంటే కాలు ఆ ఊరికి పంపండి.

ఇట్లు,
మునివెంకటప్ప

తా.క. నిన్న చెంగల్రాయుడు నా పేరు పెట్టి కేకేస్తే వేరే మునివెంకటప్పలు ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. రిసీవరు కోసం వాళ్లు పెనుగులాడే లోపల లైను పోయింది.

7-6-1979

మునివెంకటప్ప గారికి నమస్కారాలు.

కాల్ చేసేవారు పేరు చెప్పడం లేదు. "అర్జెంటు, ఆ మనిషికే చెప్పాలి" అంటున్నారు. మీరు ఊరు మారినప్పుడల్లా తెలియజేయండి, కాల్ అక్కడికి తిప్పుతాను.

ఇట్లు,
పంకజాక్షి, ఆపరేటరు

తా.క. నేను దొరను కాను. ఆడమనిషిని.

ఐరాల, 14-6-1979

తల్లీ పంకజాక్షమ్మా, దీవెనలు.

ఊరు మారినప్పుడల్లా నీకు కార్డు వేశాను. సోమవారం ఐరాల నుంచి వేసిన కార్డు బుధవారం నీకు చేరింది. బుధవారం నువ్వు కాలు ఐరాలకు తిప్పావు. అప్పటికి నేను పూతలపట్టులో ఉన్నాను. ఇక్కడ ఆ కాలు అందుకున్న బెల్లం మండీ బడే సాహెబ్ "నీ కాలు నీకంటే రెండ్రోజులు వెనకుండాది అబ్బా" అని నవ్వుతున్నాడు. నాకు నవ్వు రావడం లేదు.

ఇట్లు,
మునివెంకటప్ప

తా.క. చెంగల్రాయుడు మా ఇంటిదానికి "అక్కా, మీ ఆయన కాలు కట్టయిపాయ" అని చెప్పి పంపాడు. నాగరత్నమ్మ ఏడుస్తూ ఐరాల ఆసుపత్రికి వచ్చింది, మోసుకుపోవడానికి మంచం కూడా తెచ్చింది. సంగతి తెలిసి నేను అక్కడికి పోతే, నా రెండు కాళ్లూ తడిమి చూసి, ఊరికే ఏడిపించానని తిట్టింది.

18-6-1979

మునివెంకటప్ప గారికి నమస్కారాలు.

ఇక కార్డులు వేయకండి. మా అన్నయ్య పోలీసు వైర్‌లెస్‌లో పనిచేస్తాడు. తీగ లేకుండానే జీపులన్నిటికీ ఒకేసారి మాట చేరుతుందట. మీరెక్కడున్నా ఆ జీపులవాళ్లు కనిపెట్టి నాకు చెబుతారు.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. భయపడకండి. "మునివెంకటప్ప దొరికితే కదలనివ్వొద్దు, చాలా అర్జెంటు" అని మాత్రమే చెప్పించాను.

పూతలపట్టు, 22-6-1979

తల్లీ,

ఐరాల బస్సును జీపు అడ్డగించి నన్ను దించారు. "ఏం సేసినావప్పా?" అని పోలీసాయన అడిగాడు. "ఏం లేదయ్యా, నాకు కాలొచ్చింది" అన్నాను. "అంటే, ఇన్నాళ్లూ కాలు లేకుండానే తిరిగినావా?" అని సాయంత్రం దాకా స్టేషను బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ పూటే కాలు హోటలుకు వచ్చింది. బాలసుబ్రమణ్యం వేరే దళారిని చూసుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది తల్లీ. ఆ కాలు ఎవరిదో అదన్నా చెప్పు.

ఇట్లు,
మునివెంకటప్ప

తా.క. బస్సులో ఇంకో మునివెంకటప్ప ఉన్నాడు. జీపును చూసి మునిరామయ్య అయిపోయాడు.

26-6-1979

మునివెంకటప్ప గారికి,

రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ కాల్ మద్రాసుది కాదు. మా ఆఫీసు మేడమీది సెక్షనుది. మీకు సొంత ఫోను మంజూరైంది. ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని, ఈ కబురు అర్జీదారుకు ఫోనులోనే చెప్పాలని కొత్త రూలు పెట్టారట. ఇరవైసార్లు చేసినా మీరు దొరకలేదు కాబట్టి ఫోను అవసరం లేని మనిషిగా రాసుకుని, జాబితాలో తరువాతి పేరుకు ఇచ్చేశారు. బతిమాలాను. వినలేదు.

ఇట్లు,
పంకజాక్షి

తా.క. ఆ తరువాతి పేరు మా నాయనది. ఫోను నిన్న బిగించారు. ఇల్లు మీ ఊళ్లోనే, బస్సులు ఆగే చోటికి వెనకాల. ఇకమీదట మీ కాల్స్ అక్కడికే తెప్పించుకోండి. నాయన గొంతు పెద్దది, కేకేస్తే మీరు ఐరాలలో ఉన్నా వినబడుతుంది.