బీరువాని వాటేసుకున్న మనిషికి

ఏమండీ,

పదింటికి వడ్రంగి వస్తాడు. బీరువాని గోడకి స్క్రూలతో గట్టిగా బిగించమనండి. దాని మీది సూట్‌కేసులు దించేశాను, మళ్లీ ఎక్కించకండి. మీ చెప్పులు, టార్చిలైటు మంచం కిందే ఉన్నాయి.

నేనూ ఇవాళ మా మందుల షాపులో గాజుసీసాలన్నీ కింది అరల్లోకి దింపిస్తాను. ఓనరు సణిగితే సణగనీ.

మొన్న భూమి ఊగినప్పుడు నేను బల్ల కింద దూరి పిలుస్తుంటే, మీరేమో బీరువాని రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డారు. పైగా "పడిపోతుందే!" అని నా మీదే కేకలు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది, నన్నెప్పుడైనా అంత గట్టిగా పట్టుకున్నారా?

బల్ల కింది అట్టపెట్టెలు తీసేశాను. మీరు మోకాళ్లు ముడుచుకుంటే ఇద్దరం పడతాం, కొలిచి చూశాను.

బస్సు వచ్చేస్తోంది.

తా.క. ఈసారి బీరువా సంగతి గోడ చూసుకుంటుంది. మీరు నా పక్కకి వచ్చేయండి.