క్రాంజి నుంచి వచ్చిన చుట్టం

పుంగ్గోల్

అమ్మకు,
మేం ముగ్గురం కులాసా, కంగారు పడకు. పక్క ఫ్లాటు ఆస్ట్రేలియా వాళ్లు పిలిస్తే పోయిన శనివారం తెల్లవారకముందే ఈ ఊళ్లోని క్రాంజి యుద్ధ సమాధుల దగ్గర ప్రార్థనకు వెళ్లాం. గోడల నిండా చనిపోయిన సిపాయిల పేర్లు, మనవాళ్లవీ ఉన్నాయి. బయల్దేరేటప్పుడు కీర్తిక ఆ గోడకు చేతులు జోడించి, "వెళ్లొస్తాం, మీరూ మా ఇంటికి రండి" అంది. ఎవరింటికి వెళ్లినా అలా అనాలని మనం నేర్పిందే. చావు చోట అనకూడదని దానికేం తెలుసు?

"ఎవరితోనే?" అన్నాను.

"దట్ తాత లా. హీ సెడ్ ఓకే," అంది, ఇక్కడి బడి పిల్లల యాసలో.

అక్కడ ఎవరూ లేరు. మా ఆయన నవ్వేశారు. నేను మాత్రం ఇంటికి రాగానే గుమ్మం బయటే అందరి కాళ్లూ కడిగించాను.

అప్పటినుంచి అది రోజూ నాలుగో కంచం పెడుతోంది. నిన్న నేను వంటింట్లోకి వెళ్లొచ్చేసరికి అందులో అన్నం చేత్తో కలిపి ఉంది. తండ్రీకూతుళ్లు స్పూనుతోనే తింటారు, నీకు తెలుసుగా. మా ఆయనిప్పుడు నవ్వడం లేదు.

పిలిచిన చుట్టాన్ని ఎలా సాగనంపాలో శాస్త్రిగారిని అడిగి వెంటనే ఫోన్ చెయ్యి. నాన్న మోకాలికి నూనె రాస్తున్నావా? ఆయనకు నా దండాలు చెప్పు.

కొత్తావకాయ పెట్టగానే పంపు. ఇక్కడి సీసా నిన్నటితో అడుగంటింది, మేమెవరం ముట్టుకోలేదు.

నీ సుస్మిత