ఇంగ్లీషులో లేని వాక్యం

సేలం, మసాచుసెట్స్
ఆగస్టు 24

ప్రియమైన రేణూ,

వాట్సాప్ ఉండగా ఈ కాగితాలేంటని మా ఆయన ఫణి రోజూ వెక్కిరిస్తున్నాడు. నువ్వు ఉత్తరం చదువుతుంటే శేషమ్మ చిన్నమ్మ కాగితం వైపే చూస్తూ వింటుందని చెప్పావు చూడు, అప్పటి నుంచి నాకు ఫోన్‌లో టైప్ చేయబుద్ధి కావడం లేదు. అందుకని ముందు ఆమెకే: చిన్నమ్మా, మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయ్? ప్లేనో ఎండలకు బయట తిరగకు.

కాంట్రాక్ట్ అయిపోయాక ఇంట్లో ఉండలేక ఇక్కడ ఒక చిన్న మ్యూజియంలో పార్ట్ టైమ్ చేరానని చెప్పాను కదా. మూడొందల ఏళ్ళ కింద ఈ ఊళ్ళో కొందరు ఆడపిల్లలకు అంతుపట్టని జబ్బు చేస్తే, వాళ్ళు వేలెత్తి చూపినవాళ్ళలో పంతొమ్మిది మందిని మంత్రగత్తెలనీ మంత్రగాళ్ళనీ ఉరి తీశారు. ఒక ముసలాయన మీద బండరాళ్ళు పేర్చి చంపారు. ఇప్పుడు ఊరంతా ఆ పేరు చెప్పుకునే బతుకుతోంది. పోలీసు కార్ల మీద కూడా చీపురెక్కిన మంత్రగత్తె బొమ్మే. అక్టోబర్‌లో వాళ్ళ దెయ్యాల పండగ వస్తే మొనదేలిన టోపీలు, నల్ల గౌన్లు, కారు పెట్టుకోవడానికి చోటుండదు. చచ్చిపోయిన వాళ్ళ పేర్లు చెక్కిన రాతి బెంచీల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటారు. ఉరి తీసిన అసలు చోటు ఇళ్ళ మధ్య, ఒక మందుల షాపు వెనక ఉంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు తక్కువ.

షాంటిలీ, పార్సిప్పనీ లాంటి దూరపు ఊళ్ళ నుంచి మనవాళ్ళు అమ్మానాన్నలను వెంటేసుకుని వ్యాన్లలో దిగుతున్నారు. ఆ పెద్దవాళ్ళకు మ్యూజియంలో వినిపించే ఇంగ్లీషు ఆడియో అర్థం కాదు, పాపం టోపీలు చూసి నవ్వి వెళ్ళిపోతారు. తెలుగులో ఒకటి పెడదామని మేనేజర్‌ని ఒప్పించాను. అనువాదం నేనే చేశాను. గొంతు మాత్రం నీదే కావాలి. ఆదివారాలు డాలస్ తెలుగు రేడియోలో వార్తలు చదివే మనిషివి, నీకు నేను చెప్పాలా? ఇంగ్లీషు, తెలుగు రెండు కాపీలూ పంపుతున్నాను. దిద్ది, రికార్డ్ చేసి, అక్టోబర్‌లో చిన్నమ్మను తీసుకుని రా. టికెట్లు నేను బుక్ చేస్తాను. ఈ ఊరు ఆమె చూడాలి. ఎందుకో నీకు తెలుసు.

నీ చందు


ప్లేనో, టెక్సస్
సెప్టెంబర్ 6

ప్రియమైన చందూ,

నీ ఉత్తరం అమ్మకు చదివాను. "గంత దూరంల గూడ ఉన్నరా మనసొంటోల్లు?" అని ఆశ్చర్యపోయింది. పంతొమ్మిది మంది అంటే, "పండ్లు పీకిన్రా?" అని అడిగింది. లేదమ్మా, ఉరి తీశారు అన్నాను. "అయితె జల్దిన్నే అయిపోయింది" అని లేచి లోపలికి వెళ్ళింది.

స్క్రిప్టు దిద్దాను. 'మంత్రగత్తె' అని ఇరవై మూడు చోట్ల రాశావు. ఇరవై మూడూ కొట్టేశాను. 'మంత్రగత్తె అని నింద పడిన మనిషి' అని మార్చాను. ఆడియో పొడుగైతే అవనీ, నీ మేనేజర్‌కి నేను చెప్తాను. ఒక్క మాట ఏం చేయగలదో నీకూ నాకూ ఎవరో చెప్పాలా? నాలుగో తరగతిలో నువ్వు బడి నుంచి వచ్చి వాంతులతో పడిపోయావు. బడి గేటు దగ్గర మా అమ్మ ఉడకబెట్టి అమ్మే శనగ గుడాలు తిన్నానని చెప్పావు. దీపాలు పెట్టేసరికి 'శేషమ్మ చేసింది' అని ఊరంతా ఒకటే మాట. ఏం చేసిందని ఎవరూ అడగరు. మన దగ్గర 'చేసింది' అంటే బాణామతే. మీ బాపు అప్పుడు సర్పంచు. ఆయన కళ్ళ ముందే, మళ్ళీ మంత్రం పలకకుండా అమ్మ పళ్ళు పట్టకారుతో పీకారు.

ఇదంతా తెలిసిన నీకే మళ్ళీ రాస్తున్నానంటే కారణం ఉంది. నిన్ను నేను ఏనాడూ ఏమీ అనలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకు జబ్బు చేస్తే పెద్దవాళ్ళు దాని నోట ఆ మాట పలికించారు. యూనివర్సిటీ రోజుల్లో నువ్వు ఏడుస్తూ మా ఇంటికి వచ్చిన రోజు అమ్మ కూడా అదే అంది, నిన్ను దగ్గరికి తీసుకుంది.

ఇప్పుడు మూడో పేజీ చూడు. ఇంగ్లీషులో 'ఆ ఆడపిల్లలకు జబ్బు ఎందుకు చేసిందో ఈనాటికీ తేలలేదు' అని ఉంది. అక్కడితో పేరా అయిపోయింది. నీ తెలుగులో దాని తర్వాత ఇంకో వాక్యం ఉంది: 'ఏం తిన్నదో చెబితే తన్నులు పడతాయని పిల్ల అబద్ధం చెప్పింది.'

ఇంగ్లీషు కాపీ నాలుగు సార్లు చూశాను. ఎక్కడా లేదు. ఈ వాక్యం ఎక్కడిది చందూ?

నీ రేణు


సేలం
సెప్టెంబర్ 13

ప్రియమైన రేణూ,

అయ్యో, అదా! పాత డ్రాఫ్ట్‌లోది ఏదో కాపీ పేస్ట్‌లో వచ్చినట్టుంది. బూజు పట్టిన పిండితో రొట్టెలు చేసుకుని తినడం వల్లే ఆ పిల్లలకు ఫిట్స్ వచ్చాయని ఇక్కడ ఒక వాదన ఉందిలే. దాని గురించి రాస్తూ రాస్తూ ఎక్కడో కలిపేశాను. కొట్టేయి. నీ కళ్ళు డేగ కళ్ళు.

డాలస్ నుంచి బోస్టన్‌కి నాన్‌స్టాప్ దొరికింది. అక్టోబర్ పదకొండు, శనివారం. చిన్నమ్మకు వీల్‌చెయిర్ అడిగాను. చలిగా ఉంటుంది, స్వెటర్ తప్పకుండా పెట్టు. రికార్డింగ్ ఈ నెలాఖరుకు వస్తే చాలు.

మ్యూజియంలో పని ఎక్కువగా ఉంది, ఇంతే రాస్తున్నాను.

నీ చందు


ప్లేనో
సెప్టెంబర్ 20

చందూ,

బూజు వాదన చదివాను. అందులో పిండి ఉంది, ఫిట్స్ ఉన్నాయి. అబద్ధం చెప్పిన పిల్ల లేదు. తన్నులూ లేవు. తన్నులు ఎవరింట్లో పడేవో నాకు తెలుసు. మీ బాపు బెల్టు చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది.

మూడు సార్లు ఫోన్ చేశాను. మూడు సార్లూ ఫణే ఎత్తాడు, "చందు షవర్‌లో ఉంది" అన్నాడు. ఈపాటికి కడిగిన ముత్యమై ఉంటావు.

రికార్డింగ్ మొదలుపెట్టాను. రెండు పేజీలు అయ్యాయి. మూడో పేజీ దగ్గరికి రాగానే రికార్డింగ్ ఆపేస్తున్నాను. ఆ వాక్యాన్ని గీత పెట్టి కొట్టేశాను, అయినా కంటికి కనిపిస్తూనే ఉంది. తప్పుగా అనువాదం చేసేవాళ్ళను చాలామందిని చూశాను. ఉన్నది వదిలేస్తారు, లేకపోతే తికమక చేస్తారు. లేని తన్నులు తెచ్చి ఎవరూ పెట్టరు.

నీ పోయిన ఉత్తరం అమ్మకు సగమే చదివాను. స్వెటర్ సంగతి విని సంతోషపడింది. మనవరాలు హంసికతో ఆన్‌లైన్‌లో మెరూన్ రంగుది వెతికిస్తోంది.

ఒక్కటే అడుగుతున్నాను. దీనికి మాత్రం జవాబు రాయి. ఆ రోజు నువ్వు ఏం తిన్నావు?

రేణు


సేలం
సెప్టెంబర్ 28

ప్రియమైన రేణూ,

ఈ ఉత్తరం చిన్నమ్మకు చదవకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

అడవాముదం గింజలు తిన్నాను. బడి వెనక కంచె నిండా ఉండేవి, గుర్తుందా? లోపలి పప్పు పల్లీలాగా తియ్యగా ఉంటుంది. పందెం వేసి ఏడు తిన్నాను. వాటి జోలికి పోతే తోలు వలుస్తానని ఆ ముందు వారమే బాపు కొట్టాడు. ఇంటికొచ్చేసరికి పేగులు నోట్లోకి వచ్చినట్టు వాంతులు. బాపు వచ్చి నిలబడి, "ఏం తిన్నవే?" అన్నాడు. చెయ్యి బెల్టు మీద ఉంది. గుడాలు అన్నాను. ఎవరివి అంటే శేషమ్మవి అన్నాను. ఆ రోజు నేను గుడాలు కొననే లేదు రేణూ. ఎవరూ నా నోట ఏమీ పలికించలేదు.

రెండో రోజుకే నాకు తగ్గిపోయింది. జనం చిన్నమ్మను పట్టుకుని పంచాయతీ ఆఫీసు దగ్గరికి పోతుంటే నేను మంచం మీద కూర్చుని జావ తాగుతున్నాను. అప్పుడు చెప్పినా ఆగేది. భయం వేసింది. ఆ తర్వాత సిగ్గు వేసింది. ఆ తర్వాత మీరు ఊరు వదిలి వెళ్ళిపోయారు. యూనివర్సిటీ రోజుల్లో చెబుదామనే మీ ఇంటికి వచ్చాను. మీరిద్దరూ 'చిన్నపిల్లవి' అన్నారు. ఆ మాట చాటున దాక్కుని ఇన్నేళ్ళు బతికాను.

మూడో పేజీలోనే ఇంకో అమ్మాయి కథ ఉంది కదా, చాలామంది మీద సాక్ష్యం చెప్పిన పిల్ల. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ అమ్మాయి చర్చిలో ఊరందరి ముందు లేచి నిలబడితే పాస్టర్ ఆమె క్షమాపణ చదివాడు. సైతాను తనను మోసం చేశాడని రాసుకుంది. ఆ ముక్క తెలుగులో రాస్తుంటే నా చెయ్యి నువ్వడిగిన ఆ వాక్యం కూడా రాసేసింది. రాసింది చూసుకున్నాను. కొట్టేయకుండానే నీకు పంపాను. ఎందుకు పంపానో నన్నడగకు.

చిన్నమ్మను ఆ రాతి బెంచీల దగ్గరికి తీసుకెళ్ళి, కాళ్ళ మీద పడి నేనే చెప్పుకోవాలని ఉంది. నువ్వు ముందే చెప్పకు. పదకొండున రండి. ఈ ఒక్క అవకాశం నాకివ్వు.

నీ చందు


ప్లేనో
అక్టోబర్ 4

చంద్రికా,

పోస్ట్‌బాక్స్ నుంచి నీ ఉత్తరం తెచ్చింది అమ్మే. మెరూన్ స్వెటర్ వేసుకుని సోఫాలో కూర్చుని, "ఏం రాసిందో చదువు" అంది. తర్వాత చదువుతానన్నాను. "మొన్నటిది సగమే చదివితివి. నాకు చదువు రాదు గని లెక్కలొస్తయ్. రెండు కాయితాలుండె" అంది.

చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు. నువ్వు కాళ్ళు పట్టుకుంటానన్నది కూడా చదివాను. అది నీ రహస్యం అనుకుంటున్నావేమో, ఆమె జీవితం అది.

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "గింజలా?" అంది. మళ్ళీ చదవమంది. రెండోసారి చదివాక తన చేతులు చూసుకుంది. తర్వాత చెప్పింది.

"ఆ దినం గుడాలు నిన్నటియి రేణు. పారబోస్తె పైసలు ఖరాబైతయని కడిగి, ఉల్లిగడ్డేసి మల్ల పోపు పెట్టిన. జర జిగురొచ్చినయ్. పిల్ల పడిందంటె నా చేతిదే తిని పడ్డదనుకున్న. మంత్రం లేదు, ఏం లేదు, గని తప్పు నాదే అనుకున్న. అందుకే పండ్లు పీకుతుంటె నేనేం మాట్లాడలే."

ముప్పై రెండేళ్ళు చంద్రికా! అమ్మ మా వంటింట్లో అడుగు పెట్టదు. హంసిక పుట్టి పదకొండేళ్ళయింది, దాని నోట్లో ఒక్క ముద్ద పెట్టలేదు. గుళ్ళో ప్రసాదం కూడా తన చేత్తో ఎవరికీ ఇవ్వదు. మళ్ళీ ఎవరేమంటారోనన్న భయం అనుకుని, ఆ భయాన్ని ఎవరూ కదిలించకూడదని నేనే అందరినీ హెచ్చరించేదాన్ని. ఆమెకు జనం భయం లేదట. తన చేతినే నమ్మలేదట. ఊరు ఆమెను మంత్రగత్తె అంది, నీ అబద్ధం ఆమె చేత తప్పు ఒప్పించింది. నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో రాయడానికి నాకు తెలుగూ చాలదు, ఇంగ్లీషూ చాలదు.

మేము రావడం లేదు. టికెట్లు క్యాన్సిల్ చేయి. బెంచీల దగ్గర కాళ్ళ మీద పడతావన్న సంగతి అమ్మకు మళ్ళీ చెప్పి చూశాను. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"ఆడ నన్నెవరు ఎరుగుదురు? ఆ బండల కాడ తెల్లోల్లు జూస్తె నాకేమొస్తది? ఆ తెల్ల పిల్ల యాడ చెప్పింది? ఊరోల్ల ముంగట చెప్పలేదా? ఇది గూడ మన ఊర్లనే చెప్పాలె. పంచాయతి మైకుల చెప్పుమను. గింజలు తిన్ననని చెప్పుమను. శేషమ్మ గుడాలు తిని ఒక్క పోరగాడు గూడ పడలేదని చెప్పుమను."

మీ బాపు ఇంకా ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఇప్పటికీ అందరూ ఆయన్ను పెద్దమనిషి అంటారు. ఆ మైకులో నీ గొంతు వినిపిస్తే ఆయన మళ్ళీ ఆ వీధిలో తలెత్తుకుని నడవలేడు. ఇది నాకు తెలుసు, అమ్మకు నాకంటే బాగా తెలుసు. విమానమెక్కి వెళ్తావో, ఫోన్‌ని మైకు దగ్గర పెట్టిస్తావో నీ ఇష్టం.

చెప్పావో లేదో నాకు రాయనక్కర్లేదు. చెబితే ఆ పూటే ఊళ్ళోంచి ఎవరో ఒకరు మాకు ఫోన్ చేస్తారు. అంతవరకూ నువ్వు మాకు ఉత్తరం రాయకు. అమ్మ తన ఫోన్ చార్జింగ్ పెట్టుకుని పక్కనే కూర్చుంది.

శేషమ్మ కూతురు,
రేణు